కార్తె తప్పిన మంచు

ఏటా ఒక సాయంత్రం సముద్రం గురించి మాట్లాడుకోవడానికి మాస్టారి పూర్వ విద్యార్థులు ఈ నిధిని నెలకొల్పారు.

మాస్టారి దగ్గర జంతుశాస్త్రం చదివినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. ఆయన ప్రశ్నపత్రం ఎలా ఉండేదో వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఫలానా పీత ఎక్కడ ఉంటుందని ఆయన అడగరు. అది ఎప్పుడు గుడ్లు పెడుతుంది, చేపపిల్లలు ఏటి మొగలోకి ఏ నెలలో వస్తాయి, అప్పుడే ఎందుకు రావాలి అని అడిగేవారు. ఇవాళ నేను ఎంచుకున్న సంగతి, ధ్రువ సముద్రాల మీది మంచూ దాన్ని నమ్ముకున్న ప్రాణులూ, మా సిలబస్‌లో లేదు. అయినా ఆయన ప్రశ్నలోంచి చూస్తే తప్ప ఈ సంగతి సరిగా అర్థం కాదని నా అభిప్రాయం.

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. సముద్రపు మంచు వేరు, మంచుకొండ వేరు. పత్రికల్లో ఈ రెండూ కలిసిపోతున్నాయి. మంచుకొండ నేల మీద పుడుతుంది. వేల ఏళ్ళుగా కురిసిన హిమం అణిగి, హిమానీనదమై జారి, సముద్రంలోకి విరిగిపడిన ముక్క అది. ఒట్టి మంచినీరు. సముద్రపు మంచు పుట్టడమే సముద్రంలో పుడుతుంది. చాలాచోట్ల దాని మందం ఒకటి రెండు మీటర్లకు మించదు. ముందునుంచీ తేలుతూ ఉన్నదే కాబట్టి అది కరిగితే సముద్రమట్టం చెప్పుకోదగినంతగా పెరగదు. మట్టం పెరుగుతుందన్న భయమంతా గ్రీన్‌లాండ్ మీదా అంటార్కిటికా ఖండం మీదా ఉన్న నేల మంచుతోనే. ఇంకొక మాట. బడి గోడల మీది చార్టుల్లో తెల్ల ఎలుగుబంటీ పెంగ్విన్ ఒకే మంచు మీద నిలబడి ఉంటాయి. ఒకటి ఉత్తరాన, రెండోది దక్షిణాన బతికే ప్రాణులు. ఆ రెండింటికీ ముఖాముఖి లేదు. ఉత్తర ధ్రువం చుట్టూ ఖండాలున్న సముద్రం, దక్షిణ ధ్రువం చుట్టూ సముద్రం ఉన్న ఖండం. అందువల్ల రెండుచోట్లా మంచు తీరు వేరు. ఇవాళ ఎక్కువసేపు దక్షిణానే ఉంటాను.

సముద్రపు నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. ఉప్పు వల్ల మైనస్ 1.8 దాకా ఆగుతుంది. అప్పుడు కూడా గడ్డకట్టేది నీరే. ఉప్పుకు స్ఫటికంలో చోటు దొరకదు. బయటికి నెట్టబడ్డ ఆ ఉప్పులో చాలా భాగం బరువైన నీరుగా కిందికి దిగిపోతుంది. అంటార్కిటికా తీరం వెంబడి ఇలా దిగిన చల్లని ఉప్పునీరే మహాసముద్రాల అడుగున పాకి, హిందూ మహాసముద్రంలోకీ ఉత్తరంగా వస్తుంది. మిగిలిన ఉప్పు మంచులోపలే సన్నని గొట్టాల్లో, వెంట్రుకవాసి సందుల్లో చిక్కటి ద్రవంగా ఉండిపోతుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఆ ద్రవం మామూలు సముద్రపు నీటికి నాలుగు రెట్లు ఉప్పగా ఉంటుంది. అందులో ఏ ప్రాణీ బతకదని ఎవరైనా అనుకుంటారు.

బతుకుతున్నాయి, కోట్లకొద్దీ. 1839లో జేమ్స్ క్లార్క్ రాస్ నౌకలతో దక్షిణానికి వెళ్ళిన యువ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ అక్కడి మంచుకు గోధుమరంగు మరకలు ఎందుకున్నాయని సూక్ష్మదర్శినితో చూశాడు. ఆ రంగు డయాటమ్‌లది. గాజు లాంటి పెంకున్న ఏకకణ శైవలాలు. మంచు పుట్టేటప్పుడే నీటిలోంచి స్ఫటికాలకు అంటుకుని పైకి వచ్చి, ఆ గొట్టాల్లో చలికాలమంతా కాచుకుని ఉండి, వెలుతురు తిరిగి రాగానే పెరగడం మొదలుపెడతాయి. చాలాచోట్ల మంచు అడుగుభాగాన దట్టమైన పొరగా పరుచుకుంటాయి. వసంతం మొదట్లో, పైనంతా ఇంకా గడ్డకట్టి ఉన్నప్పుడు, సముద్రంలో పచ్చటి మేత అదొక్కటే.

ఆ చలినీటిలో బతికే చేపల కథ వేరే ఒక సాయంత్రానికి సరిపోతుంది కనుక రెండు మాటలతో వదిలేస్తాను. మామూలు చేపల రక్తం అంటార్కిటికా తీరంలోని మెక్‌మర్డో జలసంధి నీటిలో గడ్డకట్టాలి. అక్కడి చేపలకు కట్టడం లేదేమని 1960లలో ఆర్థర్ డివ్రీస్ అనే యువ పరిశోధకుడు వెతికి, వాటి రక్తంలో చక్కెర అణువులు తగిలించుకున్న ఒక ప్రొటీన్ కనిపెట్టాడు. లోపలికి దూరిన మంచు రవ్వలకు అది అతుక్కుని వాటిని పెరగనివ్వదు. ఆ బంధువర్గంలోనే, రక్తంలో హీమోగ్లోబిన్ బొత్తిగా లేని తెల్లరక్తపు చేపలున్నాయి. 1954లో నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ రూడ్ ఈ సంగతి ప్రకటించేదాకా తిమింగలాల వేటగాళ్ళు చెప్పిన మాటను చాలామంది నమ్మలేదు. ఈ చేపలను గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాయి.

ఇక క్రిల్. చూడ్డానికి రొయ్యలా ఉంటుంది, కానీ రొయ్య కాదు. బాగా ఎదిగితే ఆరు సెంటీమీటర్లు. దక్షిణ సముద్రంలో దీని మొత్తం బరువు ముప్పై కోట్ల టన్నుల నుంచి యాభై కోట్ల టన్నుల దాకా ఉంటుందని రకరకాల అంచనాలున్నాయి. నీలి తిమింగలం, హంప్‌బ్యాక్, అడెలీ పెంగ్విన్, పేరుకు పీతలు తినేదైనా పీత ముఖం చూడని క్రాబీటర్ సీల్: ఇన్నింటి పొట్టలూ దీని మీదే ఆధారపడ్డాయి.

క్రిల్ ఏడాదిని గమనించండి. ఆడది వేసవిలో, జనవరి నుంచి మార్చి లోపల గుడ్లు వదులుతుంది. ఆ గుడ్లు వందల మీటర్ల లోతుకు మునిగి, అక్కడే పగిలి, పిల్ల మెల్లగా ఈదుకుంటూ పైకి వస్తుంది. అది పైకి చేరేసరికి వేసవి అయిపోతూ ఉంటుంది, ముందున్నది చీకటి శీతాకాలం. పెద్ద క్రిల్‌కు శీతాకాలం గడపడానికి ఒక విచిత్రమైన ఉపాయం ఉంది: ఆకలికి ఒళ్ళు కుదించుకుంటుంది. ప్రయోగశాలలో 200 రోజులకు పైగా తిండి లేకుండా ఉంచితే ప్రతి పొర విడుపుకూ చిన్నదవుతూ బతికే ఉంది. పిల్లకు ఆ దారి లేదు. దానికి దాచుకున్న కొవ్వు లేదు, కొద్ది వారాలకు మించి పస్తుండలేదు. అందుకని అది మంచు అడుగుకు చేరి, అక్కడి డయాటమ్‌ల పొరను కాళ్ళతో గీక్కుని తింటుంది. పలకలు ఒకదాని మీదొకటి ఎక్కి గుహల్లా ఏర్పడ్డ చోట్ల దాక్కుంటుంది. తొలి శీతాకాలం గట్టెక్కిందా, ఆపైన అయిదారేళ్ళు బతుకుతుంది.

ఇప్పుడు మంచు ఒక నెల ఆలస్యంగా కట్టిందనుకోండి. శరత్తులో ఇంకా కాస్త వెలుతురు, నీళ్ళలో శైవలాలు ఉన్నప్పుడు కట్టే మంచు వాటిని తనలో నింపుకుంటుంది. చీకటి పడ్డాక కట్టే మంచులో అంత మేత ఉండదు. ఉపగ్రహం పైనుంచి చూస్తే రెండూ ఒకే తెలుపు. కింద ఉన్న పిల్లకు ఒకటి అన్నం పెట్టే ఇల్లు, మరొకటి ఖాళీ కొట్టు.

మాస్టారి ప్రశ్న ఇక్కడికి వస్తుంది. ధ్రువ మంచు గురించి మనకు అందే వార్తలన్నీ విస్తీర్ణం లెక్కలే. ఆ లెక్కలు తప్పు కావు. అంటార్కిటికా చుట్టూ సెప్టెంబరులో మంచు సగటున 1 కోటి 85 లక్షల చదరపు కిలోమీటర్లకు, అంటే మన దేశానికి అయిదు రెట్లకు పైగా పెరిగి, ఫిబ్రవరికి 30 లక్షల లోపుకు తగ్గుతుంది. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు దీన్ని ఎడతెగకుండా కొలుస్తున్నాయి. ఆర్కిటిక్ మంచు తరిగిపోతూ ఉండగా దక్షిణాన మాత్రం దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా పెరిగింది. 2014 సెప్టెంబరులో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. వాతావరణ మార్పు అబద్ధమని చెప్పదలచినవాళ్ళు ఆ అంకెను జేబులో పెట్టుకుని తిరిగారు.

అదే కాలంలో అంటార్కిటికా ద్వీపకల్పానికి పడమట, బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం వైపు, ఏడాదిలో మంచు నిలిచే కాలం దాదాపు మూడు నెలలు తగ్గిపోయింది. ఆలస్యంగా కట్టడం, ముందుగా విడిపోవడం. అటు రాస్ సముద్రానికి పడమటి భాగంలో మంచు కాలం రెండు నెలలకు పైగా పెరిగింది. రెండూ కూడితే మొత్తం లెక్క బాగున్నట్టే కనిపించింది. మన రైతుకు ఈ మోసం కొత్త కాదు. మృగశిరలో రావలసిన వాన మఖలో కురిసి, జిల్లా సగటు సాధారణమని కార్యాలయం ప్రకటించిన ఏడాది, పొలంలో విత్తనం మొలవలేదని అతనికి తెలుసు. సగటును బట్టి ఎవరూ నారు పోయలేరు. ద్వీపకల్పం పడమట కొన్నిచోట్ల అడెలీ పెంగ్విన్‌ల గుంపులు 1970ల నాటితో పోలిస్తే మూడొంతులకు పైగా తగ్గిపోయాయి. మంచు అక్కర్లేని జెంటూ పెంగ్విన్‌లు ఆ చోట్లలోకి దిగాయి.

2014 తరువాత ఆ సగటు కూడా నిలబడలేదు. 2023 ఫిబ్రవరిలో దక్షిణపు మంచు 17 లక్షల 90 వేల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఆ సెప్టెంబరులో 1 కోటి 70 లక్షలను కూడా అందుకోలేదు. ఉపగ్రహాల లెక్కలో రెండూ అప్పటికి అతి తక్కువ. కారణాల మీద వాదనలు నడుస్తున్నాయి. మంచు కిందికి చేరుతున్న సముద్రపు వేడి వైపు వేళ్ళు చూపేవారే ఎక్కువ.

ఎంపరర్ పెంగ్విన్ కథ ఈ కాలం లెక్కకు అన్నిటికంటే కఠినమైన ఉదాహరణ. ఇది చాలావరకు నేల తొక్కదు. తీరానికి అతుక్కుని కదలకుండా ఉండే మంచు మీదే, అదీ శీతాకాలంలో, సంతానాన్ని కంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో గుంపు చేరుతుంది. మే, జూన్‌లలో ఆడది ఒకే ఒక గుడ్డు పెట్టి, దాన్ని మగదాని పాదాల మీదికి దొర్లించి, మేతకు సముద్రానికి పోతుంది. మగది రెండు నెలలకు పైగా దాన్ని పాదాల మీదే మోస్తూ చీకటిలో నిలబడుతుంది. గుంపు చేరిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు నాలుగు నెలల పస్తు. పిల్ల జూలై, ఆగస్టులలో పుడుతుంది. ఒంటి మీది బూడిదరంగు నూగు పోయి నీరు ఇంకని ఈకలు వచ్చేసరికి డిసెంబరు, జనవరి అవుతుంది. కాబట్టి ఈ పక్షి తీరమంచును అడిగేది ఒక్కటే: ఏప్రిల్ నాటికి గట్టిపడు, డిసెంబరు దాకా విరగకు.

ఇది శీతాకాలంలో కనడం ఎందుకని అడిగితే, పిల్ల తన కాళ్ళ మీద నిలబడేనాటికి సముద్రంలో వేసవి మేత ఉండాలి కాబట్టి. వెనక్కి లెక్క కడితే గుడ్డు చలిలోనే పెట్టాలి. 1911 శీతాకాలంలో దక్షిణ ధ్రువాన్వేషి స్కాట్ బృందంలోని ముగ్గురు, విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్, చీకట్లో క్రోజియర్ అగ్రానికి నడిచి మూడు గుడ్లు తెచ్చారు. శాస్త్రానికి ఆ గుడ్ల వల్ల ఒరిగింది అంతంతమాత్రమే. ఆ పక్షి ఎలాంటి చలిలో పిల్లను కంటుందో మాత్రం ఆ ముగ్గురికీ ఒంటికి తెలిసివచ్చింది.

ఇప్పుడు ఆ గుంపులను ఉపగ్రహాల నుంచి లెక్కిస్తున్నారు. పక్షులు కనబడవు, తెల్లటి మంచు మీద వాటి రెట్ట మరక కనబడుతుంది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే పరిశోధకులు ఆ మరకలను వెంబడిస్తూ 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలోని అయిదు గుంపుల్ని చూస్తున్నారు. నవంబరు నాటికే కింది మంచు విరిగిపోయింది. అయిదింట నాలుగు చోట్ల మరకలు మాయమయ్యాయి. నూగు విడవని పిల్లలు నీళ్ళలో పడితే తడిసి చనిపోతాయి. ఒక ప్రాంతంలో ఇన్ని గుంపులు ఒకే ఏడాది పూర్తిగా విఫలం కావడం ఇదివరకు చూడలేదని ఆ పరిశోధకులు 2023లో రాశారు. ఆ మంచు జనవరి దాకా ఆగి, ఆ తరువాత మొత్తం కరిగిపోయినా ఆ పిల్లలకు ఇబ్బంది లేదు. వాటిని చంపింది ఆ ఏడెనిమిది వారాల తేడా.

తీరమంచు అడుగున కూడా ఇదే లెక్క. ఏడాదిలో ఎక్కువ కాలం మంచు కప్పిన ఒడ్డున, లోతు తక్కువైనా చీకటి కాబట్టి, స్పంజికలూ మెత్తటి ఒంటి జీవులూ రాళ్ళను ఆక్రమించుకుని బతుకుతాయి. వెలుతురు కావలసిన సముద్రపు నాచుకు అక్కడ చోటు లేదు. అక్కడ సూర్యుడు అత్యధికంగా కాసేది డిసెంబరులో. మంచు ఫిబ్రవరిలో కాక డిసెంబరులో విడిపోతే, రోజుల లెక్కలో తేడా కొద్దిదే, అడుగుకు చేరే వెలుతురు మాత్రం ఏడాది మొత్తం మీద కొన్ని రెట్లు పెరుగుతుంది. అప్పుడు నాచు గెలుస్తుంది.

ఉత్తరాన ఎంత విస్తీర్ణం పోయిందో మీరు చదివే ఉంటారు. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గరికి తగ్గింది. నేను చెప్పదలచింది ఒక చిన్న ప్రాణి గురించి. కాలనస్ గ్లేసియాలిస్, బియ్యపు గింజంత ఉండే కోపెపాడ్ అనే రకం నీటి ప్రాణి, ఒంట్లో నూనె తిత్తి. ఆడది వసంతంలో మంచు అడుగు శైవలాలు తిని ఆ బలంతో గుడ్లు పెడుతుంది. పిల్లలు తినగలిగే దశకు వచ్చేనాటికి మంచు విడిపోయి, నీళ్ళలో రెండో పంట పూస్తుంది. మొదటి పంట తల్లికి, రెండోది పిల్లలకు. ఈ రెండింటి మధ్య దాదాపు రెండు నెలల ఎడం ఉండాలి. మంచు ముందుగా విడిపోతే ఎడం తగ్గి, పంట వాడిపోయే వేళకు పిల్లలు వస్తాయి. స్వాల్‌బార్డ్ అనే ఆర్కిటిక్ ద్వీపాల ఉత్తరపు ఇరుకు సముద్రపు పాయలో, అంటే ఫ్యోర్డ్‌లో నార్వే పరిశోధకులు ఈ సంగతి తేల్చారు. ధ్రువపు కాడ్ చేప ఆ నూనె తిత్తుల మీద బతుకుతుంది, రింగ్డ్ సీల్ ఆ చేప మీద, తెల్ల ఎలుగుబంటి ఆ సీల్ మీద.

అదే స్వాల్‌బార్డ్‌లో మనవాళ్ళున్నారు. 2008లో నీ-ఓలెసుండ్‌లో భారత్ హిమాద్రి అనే పరిశోధన కేంద్రం తెరిచింది. దాని ముందరి కోంగ్స్‌ఫ్యోర్డ్‌లో 2014లో ఇండార్క్ అనే పరికరాల గొలుసును దాదాపు 190 మీటర్ల లోతున దించారు. నీటి వేడి, ఉప్పదనం ఏడాది పొడుగునా నమోదవుతున్నాయి. ఒకప్పుడు శీతాకాలం వస్తే గడ్డకట్టే ఆ ఫ్యోర్డ్‌లో, అట్లాంటిక్ నుంచి వెచ్చని నీరు చొరబడటంతో, 2006 నుంచి మంచు బాగా తగ్గింది. మంచు మీది హిమంలో గుహ తవ్వుకుని పిల్లను కనే రింగ్డ్ సీల్‌కు ఇప్పుడక్కడ గుహ తవ్వేంత హిమం నిలవడం లేదు. బయట పడుకున్న పిల్లలు ఎలుగుబంటికీ సముద్రపు కాకులకూ దొరికిపోతున్నాయి.

దక్షిణానికి మనం అంతకు ముందే వెళ్ళాం. ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో తొలి బృందం 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగింది. తరువాత దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో లార్స్‌మన్ కొండల దగ్గర భారతి. మైత్రి, భారతి గోవాలోని జాతీయ ధ్రువ పరిశోధన కేంద్రం ఆధ్వర్యంలో నడుస్తున్నాయి. వీటిని జెండా పాతిన చోట్లుగానే మనం చెప్పుకుంటాం. నా దృష్టిలో వాటి అసలు విలువ వేరే ఉంది. ఏ రోజు మంచు కట్టింది, ఏ రోజు విడిపోయింది అని ఒకే చోటి నుంచి ఏళ్ళ తరబడి రాసుకోగల అవకాశం అది. పేరు తెచ్చిపెట్టే పని కాదు. ఈ రంగంలో ఇవాళ అన్నిటికంటే కొరతగా ఉన్నది అదే.

చివరగా మనుషుల వాటా. క్రిల్‌ను వేట పడవలు పెద్ద ఎత్తున పడుతున్నాయి. పొడి చేసి సాల్మన్ చేపల మేతలో, రొయ్యల మేతలో కలుపుతారు, నూనె తీసి గుళికలుగా అమ్ముతారు. దేశంలో రొయ్యల సాగుకు మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రంలో కూర్చుని మనం దీన్ని పరాయి వ్యవహారం అనుకోకూడదు. ఈ వేటను నియంత్రించే అంతర్జాతీయ సంఘం 1982 నుంచి ఆస్ట్రేలియాలోని హోబార్ట్ కేంద్రంగా పనిచేస్తోంది. భారత్ 1986 నుంచి సభ్యదేశం. నైరుతి అట్లాంటిక్ వైపు క్రిల్ వేటకు ఏడాదికి 6 లక్షల 20 వేల టన్నుల గీత గీశారు. ఉన్న క్రిల్‌తో పోలిస్తే ఇది చిన్న అంకె అని పరిశ్రమ అంటుంది. నిజమే, చిన్నదే. అయితే ఆ పడవలు చాలావరకు వల వేసేది పెంగ్విన్‌లు మేత వెతుక్కునే ఒడ్డుల దగ్గరే, ఎక్కడ, ఏ నెలల్లో అన్నదే ముఖ్యం. టన్నుల లెక్క ఆ సంగతి చెప్పదు.

తెల్లరక్తపు చేపల మాట చెప్పాను. 2021 ఫిబ్రవరిలో జర్మనీ నౌక పోలార్‌స్టెర్న్ వెడ్డెల్ సముద్రంలో, మంచు కింద అయిదు వందల మీటర్ల లోతుకు కెమెరా దించి లాగుతూ పోతోంది. అడుగున గుండ్రటి గూళ్ళు, ఒక్కోదానిలో వెయ్యికి పైగా గుడ్లు, కాపలాగా ఒక చేప. గంటల తరబడి లాగినా గూళ్ళు అయిపోలేదు. 240 చదరపు కిలోమీటర్లలో సుమారు ఆరు కోట్ల గూళ్ళున్నాయని అంచనా వేశారు. భూమి మీద తెలిసిన చేపల గూళ్ళ సమూహాల్లో అంత పెద్దది లేదు. 2021 దాకా దాన్ని మనిషి చూడలేదు.

ఆ ప్రాంతాన్ని రక్షిత సముద్రంగా ప్రకటించాలన్న ప్రతిపాదన 2016 నుంచీ హోబార్ట్‌లో ఉంది. తూర్పు అంటార్కిటికాకు సంబంధించినది అంతకంటే పాతది. ఈ రెండింటికీ భారత్ 2021లో మద్దతు ప్రకటించింది. అక్కడ నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి, ఒక్క దేశం కాదన్నా ఆగిపోతాయి. రాస్ సముద్రానికి 2016లో ఆ ఏకాభిప్రాయం కుదిరింది కాబట్టి ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. ఏటా అక్టోబరులో ఆ దేశాలు మళ్ళీ కూర్చుంటాయి. వెనక వరసల్లోని విద్యార్థులకు నాదొక కోరిక: ఈసారి ఆ సమావేశం జరిగేటప్పుడు మన ప్రతినిధులు అక్కడ ఏం మాట్లాడారో చదవండి, మాట్లాడకపోతే ఎందుకు మాట్లాడలేదని ఢిల్లీకి ఉత్తరం రాయండి. వెడ్డెల్ సముద్రం ప్రతిపాదన 2024 సమావేశంలో కూడా ఆమోదం పొందలేదు.